దర్యాప్తు ఫైల్లో ఏడో కాగితం

విమానం రన్‌వే చివర ఆగలేదు. ఇంకో రెండు వందల మీటర్లు పోయి, బురదలో ముక్కు ఆనించి ఆగింది. నూట పన్నెండు మంది క్షేమంగా దిగి బ్యాగుల కోసం గొడవపడ్డారు.

ఊడేదంటూ ఉంటే రన్‌వే కొలిచే అమ్మాయి ఉద్యోగమే.

వాన పడ్డప్పుడల్లా రన్‌వే ఎంత జారుతోందో ప్రత్యేకమైన కారులో తిరిగి కొలవడం ఆమె పని. మూడు భాగాలకు మూడు అంకెలు రాసిస్తే, టవర్‌వాళ్లు పైలట్‌కి చదువుతారు. ఆ రోజు మొదటి భాగం ప్రమాదమని రాసింది. పైలట్ ఆ భాగాన్ని దాటించి మరీ దింపాడు. బ్రేకులు పట్టనిది చివరి భాగంలో.

"అంకెలు తిరగేసి రాశారా?" అడిగాడు దర్యాప్తు అధికారి.

"నేనెప్పుడూ తూర్పు నుంచే కొలుస్తాను. రూలు."

"విమానం పడమటి నుంచి దిగింది."

"దాన్ని నేను దింపలేదు."

"తూర్పు అని కాగితం మీద లేదే?"

"ఫారంలో ఆ గడే లేదు. అది నేను పుట్టకముందు ఫారం. టవర్‌వాళ్లు అడిగుండాల్సింది."

"వాళ్లు మీరు పడమటి నుంచి కొలిచారంటున్నారు."

"వాళ్లు కారెక్కారా?"

అందుకని అతను ఎక్కాడు. సోమవారం వాన, మంగళవారం వాన. ఆమె నడిపింది, అతను నోట్సు రాశాడు.

"నన్నెందుకు చూస్తున్నారు? మీటరు అటుంది."

"డ్రైవింగ్ పరిశీలిస్తున్నాను."

"కారు ఆగి పది నిమిషాలైంది."

బుధవారం అతనికి రుజువు దొరికింది. రన్‌వేకి తూర్పు కొసన ఒక అతుకుంది. దాని మీద చక్రం ఎగిరినప్పుడు మీటరు గీసే గ్రాఫులో గీత లేస్తుంది. ప్రమాదం రోజు గ్రాఫులో ఆ గీత మొదట్లోనే ఉంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

అతను గ్రాఫు సీలు చేసి, పై అధికారికి ఉత్తరం రాసి, దర్యాప్తు నుంచి తప్పుకున్నాడు.

ఆమె ఫోన్ చేసింది. "నన్ను నట్టేట వదిలేశారా?"

"కారణం చెప్పకూడదండీ."

"మీ మొహం చూసి మంచివాడనుకున్నా. నా కళ్లు పరీక్ష చేయించుకోవాలి."

ఫోన్ పెట్టేసింది.

అతని స్థానంలో వచ్చిన సీనియర్‌ని ఆఫీసులో అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ ఎవరినీ నమ్మదు. అంతా మళ్లీ కొలిపించి, తప్పు ఫారందని తేల్చింది. అభ్యంతరాలు తెలపమంటూ నివేదిక నకళ్లు అందరికీ పంపింది. రూలు ప్రకారం ఫైల్లోని కాగితాలన్నీ జతచేసింది.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి దర్యాప్తు ఆఫీసు కౌంటర్ దగ్గర ప్రత్యక్షమైంది. దర్యాప్తు వదులుకున్నప్పటి నుంచి అక్కడ కూర్చుంటున్నది అతనే.

"నివేదికలో ఏడో కాగితం మా అమ్మ పైకి చదివింది. 'సాక్షి మీద నాకు మంగళవారం నుంచి ప్రేమ కలిగినందున, ఆమెకు అనుకూలంగా నేనేం రాసినా చెల్లదు. వేరొకరిని నియమించగలరు.' నాన్న రెండోసారి చదివించుకున్నారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అది... నకళ్లలో వెళ్తుందనుకోలేదు."

"నాకు చెప్పకుండా ఆఫీసుకి చెప్పారా?"

"ముందు మీకు చెబితే ఇద్దరం కుమ్మక్కయ్యామని మీ ఉద్యోగం పోయేది."

ఆమె బ్యాగు తెరిచింది. ఒక కాగితం తీసి ముందుకు తోసింది. "అభ్యంతరం. తీసుకోండి."

అతను చదివాడు. 'ఏడో కాగితంలో వివరాలు అసంపూర్ణం. సాక్షికి సోమవారం నుంచే. సరిదిద్దగలరు.'

"అమ్మానాన్నా కింద కారులో ఉన్నారు," అందామె. "సాక్షి సంతకాలు కావాలంటే పిలుస్తాను."

అతను ముద్ర వేశాడు. అది తలకిందులుగా పడింది.

"పిలవండి," అన్నాడు.