తీగ అంటే ఏ తీగ?

రచయిత తన గదిలో బల్ల మీద బోర్లా పడి ఉన్నాడు. మెడలో తీగ. అది దిగినంత లోతుకి ఆయన నవలలోకి ఏ విమర్శకుడూ దిగలేదు.

ఉదయం ఏడున్నర. గది నిండా పుస్తకాలు. పుస్తకాల నిండా నెత్తురు. ముందు తల మీద కొట్టారు. తరవాత వెనకనుంచి బిగించారు. సన్నటి ఉక్కుతీగ. పీక సగం తెగింది.

ఇన్‌స్పెక్టర్‌ని డిపార్ట్‌మెంట్‌లో ‘ఆరా మేడమ్’ అంటారు. ఆవిడకి ఆరా ఎక్కువ, ఆరాటం తక్కువ. ఆవిడ హెడ్ కానిస్టేబుల్‌కి ఆ రెండోదే ఎక్కువ. హోదాలో ఎలాగూ హెడ్డు ఉంది కదా అని, తల వాడడం మానేశాడు.

“కేసు క్లోజ్ మేడమ్! శవం పక్కన ఆయన నవలే తెరిచి ఉంది. ఎర్ర పెన్నుతో గీత కూడా గీశారు. వినండి. ‘గూఢచారి వెనకనుంచి వచ్చి, తీగ మెడకు చుట్టి బిగించాడు.’ పేజీలో ఆఖరి లైను. అచ్చం అలాగే చంపాడు. ఆ పుస్తకం మీద ఇంత భక్తి ఎవరికుంది? బావమరిదికి!”

ఆ బావమరిదిని ఇంటా బయటా ‘పురుగు’ అంటారు. పుస్తకాల పురుగు. బావ నవల అతనికి కంఠతా వచ్చు. దాన్ని మొదట సినిమాగా తీశారు. ఈమధ్య వెబ్ సిరీస్‌గా తీశారు. రెండూ చూసి రెండుసార్లూ పళ్ళు కొరికాడు. నిన్న నలుగురి ముందూ అరిచాడు: “బావా, మూడోసారి దీన్ని తెరకెక్కిస్తే నిన్ను పాడెకెక్కిస్తా!”

ఆ ఒక్క మాటకి హెడ్డు, మేడమ్ వచ్చేలోపే అతన్ని లాకప్‌లో వేసి కుమ్మేశాడు.

రచయిత భార్య గుమ్మంలో కూలబడి ఉంది. పురుగుకి సొంత అక్క.

“మీ ఆయన ఈమధ్య ఎవరిమీదైనా కోపంగా ఉన్నారామ్మా?” అడిగింది ఆరా మేడమ్.

“ఇవాళ సాయంత్రం సభ ఉంది. నవలనీ సినిమానీ సిరీస్‌నీ పోల్చి ఈయన మాట్లాడాలి. ‘ఒకడు నా పుస్తకం తెరవకుండానే తెరకెక్కించాడు, వాడి బండారం బయటపెడతా’ అన్నారు. ఎవరో చెప్పలేదు.” ఆమె ఆరా మేడమ్ చెయ్యి పట్టుకుంది. “నా తమ్ముడే చంపుంటే వాడి మొహం నాకు చూపించకండి. కాకపోతే మాత్రం... నాకంటూ మిగిలింది వాడొక్కడే. ఏదో ఒకటి ఇవాళే తేల్చండమ్మా.”

ఆరా మేడమ్ నవల అందుకుంది. పేజీ తిప్పింది. ఒక్క లైను చదివింది. మూసేసింది.

“డైరెక్టర్లిద్దర్నీ పిలిపించు. పురుగునీ పట్రా.”

పదింటికి అందరూ అదే గదిలో ఉన్నారు. శవాన్ని తీసుకెళ్ళారు. నెత్తురుని ఎవరూ తీసుకెళ్ళలేదు.

సినిమా తీసిన పాత డైరెక్టర్ చేతికర్ర మీద ఆనుకున్నాడు. సిరీస్ తీసిన కొత్త డైరెక్టర్ జేబుల్లో చేతులు పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

“నవలకీ మీ సినిమాకీ తేడా ఏంటి సార్?”

“బోలెడు,” అన్నాడు పాతాయన. “ఆరు పాటలు పెట్టా. గూఢచారి కాస్తా గానచారి అయ్యాడు.”

“చంపే సీను?”

“అదీ మార్చా. పియానో తీగ పీకి చంపుతాడు. ఆ కోపానికి ఏడాదిపాటు ఆయన నాతో మాట్లాడలేదు.”

“మీరు సార్?”

కొత్తాయన ఛాతీ విరిచాడు. “నేను కామా కూడా మార్చలేదు మేడమ్. నవల ఎలా ఉందో అలాగే తీశా.”

“నవల్లో గూఢచారికి తీగ ఎక్కడ దొరికింది?”

“పియానోలో.” తడుముకోలేదు.

మూలన బేడీలతో ఉన్న పురుగు తలెత్తాడు. చిట్లిన పెదవితోనే నవ్వాడు.

“పియానోనా? ఏ పేజీలో ఉందిరా నాయనా? అది పందిరి మీది పూలతీగ! వానకి తడిసి తాడులా ఉంటుంది. పూలు పూసేదానితో ప్రాణం తీయించాడు మా బావ!”

“పేజీ తిప్పగానే ఉంది,” అంది ఆరా మేడమ్. “‘తీగకున్న ఆకులు జలజలా రాలాయి.’ ఉక్కుతీగకి ఆకులుండవు కదా సార్? ఈ పురుగే చంపుంటే పందిరి వెతుక్కునేవాడు. పాతాయనకి తను ఏం మార్చాడో తెలుసు. ఉక్కుతీగ వాడి, ముందు పేజీలో లైను కింద గీత గీసి, నేరం పురుగు మీదకి తొయ్యాలనుకోడు. తీగంటే పియానోదే అనుకున్నవాడు నవల చదవలేదు. సినిమా చూసి సిరీస్ తీశాడు. అది సభలో తేలితే మా సీను కాజేశాడని సినిమా కంపెనీ కోర్టుకెక్కుతుంది. సిరీస్‌లో ‘సిరి’ ఎగిరిపోయి ‘స్’ మిగులుతుంది.”

“కట్టుకథ!”

“చేతులు జేబుల్లోంచి తియ్యండి.”

తీశాడు. తీస్తూనే పాతాయన చేతికర్ర లాక్కుని హెడ్డు నెత్తిన బాదాడు. హెడ్డు నేల కరిచాడు. రెండో దెబ్బ పురుగు భుజం మీద పడింది. ఎముక పటుక్కుమంది. మూడోది ఆరా మేడమ్ మొహం మీదకి వచ్చింది. ఆవిడ వంగి అతని మోకాలి మీద బూటుతో తన్నింది. పడ్డాడు. పడి ఆవిడ చెయ్యి కొరికాడు. ఆవిడ అతని తల బల్లకేసి కొట్టింది, ఒకసారి, ఇంకోసారి. పట్టు వదిలాడు.

వేళ్ళు విప్పి చూసింది. రెండు అరచేతులకీ అడ్డంగా గాట్లు. తీగ లాగినవాడిని కూడా కోసింది.

“అందరి ముందూ దొంగ అంటానన్నాడు!” నెత్తురు ఉమ్ముతూ అరిచాడు. “బతిమాలా! వినలేదు!”

పురుగు బేడీలు ఊడదీశారు. వేలాడుతున్న భుజాన్ని పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

“అక్కా, ఆ మాట అన్నది మాత్రం నేనేనే.”

“అన్నావు. నేనూ నమ్మాను.” ఆమె లేచి నిలబడింది. “ఆసుపత్రికి రమ్మన్నారురా. నీ భుజం చూపించుకో. తరవాత... ఆయన్ని గుర్తుపట్టాలట. ఒక్కదాన్నే చూడలేను.”

పురుగు అక్క చెప్పులు వెతికి, బాగున్న చేత్తో ఆమె పాదాల ముందు పెట్టాడు.