తూకంలో మిగిలింది

కొత్తవాడలో మొగిలి ఇంటికి అతను నేసే దర్రీల కోసం, అంటే జంపఖానాల కోసం వచ్చేవాళ్ల కంటే తక్కెడ కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. మగ్గాల గదిలో దూలానికి గొలుసులతో వేలాడే రెండు పెద్ద చెక్క పలకల తక్కెడ అది. మామూలు రోజుల్లో నూలు తూస్తారు. మేడారం జాతర దగ్గర పడిందంటే మాత్రం వాడకట్టంతా అక్కడే ఉంటుంది. ఒక పలక మీద మనిషి కూర్చుంటే రెండో పలక మీద సమ్మక్క మొక్కుకు ఆ మనిషి ఎత్తు బెల్లం పెడతారు. దాన్ని బెల్లం అంటే మొగిలి తల్లి సమ్మమ్మ ఊరుకోదు. బంగారం అనాల్సిందే.

మొగిలి భార్య పద్మలత భారీ మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే గురక, పెళ్లికి పోతే వెనక నవ్వులు. దసరా ముందు హన్మకొండలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. కడుపులో సంచిని సగానికి పైగా కోసి తీసేస్తారని తెలిసి సమ్మమ్మ హడలిపోయింది. ఆపరేషన్ గది తలుపు ముందే కొంగు పట్టి మొక్కింది.

"సమ్మక్క తల్లీ, నా కోడలు మంచిగ బయటికొస్తే ఆమె ఎత్తు బంగారం నీ గద్దె కాడికి తెస్త."

మంచిగానే వచ్చింది. మాఘంలో జాతర వచ్చేసరికి ముప్పై కిలోలు తగ్గింది కూడా. పలక మీద కూర్చుని కాళ్లూపుతూ నవ్వింది.

"చూసినవా అత్తమ్మా, ముప్పై కిలోల బంగారం మిగిలిపాయె నీకు!"

సమ్మమ్మ నవ్వలేదు. "మొక్కినప్పుడు ఉన్న ఎత్తు గదా బిడ్డా ఇయ్యాల్సింది..." అని గొణిగింది. బండి ఎక్కే హడావుడిలో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఎండలు ముదిరాక పద్మలతకు కడుపులో నొప్పి మొదలైంది. స్కానింగ్‌లో కుట్ల పక్కన అరచెయ్యంత గడ్డ కనిపించింది. రేపు గొంతులోంచి గొట్టం దింపి చూస్తామని, ముక్క తీసి పరీక్షకు పంపుతామని డాక్టరు చెప్పాడు. గడ్డలన్నీ చెడ్డవి కావమ్మా అన్నాడు. చెడ్డదంటే ఏమిటో ఆమెకు తెలుసు. నోటితో అనడానికే భయపడింది.

ఆ సాయంత్రం మొగిలి మరిపెడలో దర్రీలు దించడానికి వెళ్లాడు. గాలిదుమారం లేచి కరెంటు పోయింది. పద్మలత చెంచాతో జావ తాగుతోంది. ఇప్పుడామె పొట్టకు పట్టేది అంతే. చెంచా నోటి దగ్గర ఉండగానే వాసన వచ్చింది. ఎండకు కరుగుతున్న బెల్లం వాసన.

"అత్తమ్మా, బెల్లం ఎవలు తెచ్చిండ్రు?"

"ఎవలు తేలే."

మగ్గాల గదిలో గొలుసు కిర్రుమంది. ఏదో బరువైనది పలక మీద మెల్లగా కూర్చున్నట్టు...

"తల్లికి కోపమొచ్చిందా?" గుసగుసగా అడిగింది పద్మలత.

"తల్లి అడగదు బిడ్డా. ఆమెకేం తక్కువ? తూకంల మిగిలిన బరువే వచ్చి అడుగుతది." సమ్మమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిలిస్తే పలుకకు."

ఇప్పుడు ఊపిరి వినబడుతోంది. లోపలికి ఈల, బయటికి గురగుర. పద్మలత చెంచా కింద పెట్టింది. అది పరాయి ఊపిరి కాదు. ఎన్నో ఏళ్లు ఆమె తీసిన ఊపిరే. ఆ ఆయాసాన్ని గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది?

చెయ్యి విడిపించుకుని గుమ్మం దాకా వెళ్లింది.

లోపల చీకటి. మగ్గాల మీద సగం నేసిన దర్రీలు. తక్కెడ ఒకవైపు నేలకు దిగి ఉంది. పలక మీద ఎవరూ లేరు. కానీ చెక్క వంగి ఉంది... కొద్దికొద్దిగా కదులుతోంది.

"ఆకలైతాంది..."

ఆమె గొంతే.

"ఆకలైతాంది పద్మా..."

పారిపోవాలనుకుంది. గుమ్మం వదల్లేదు. చెప్పలేనంత భయం. ఆ భయం అడుగున మరో భయం... రేపటి గొట్టం, ఆ ముక్క, ఆ గడ్డ. ఏది పెద్దదో ఆ క్షణంలో ఆమె తేల్చుకుంది.

"నువ్వు రా," అంది. "నా దగ్గరికే రా. గడ్డను తీసి ఆ పలక మీద పెట్టు."

వెనక సమ్మమ్మ కెవ్వుమంది.

ఊపిరి ఆగిపోయింది. గొలుసు కిర్రుమని పలక పైకి లేచింది. పద్మలత చెవి పక్కన, వెచ్చగా, ఎవరో గాలి పీల్చుకున్నారు...

మర్నాడు డాక్టరు గొట్టం దింపి తెర వైపు చాలాసేపు చూశాడు. నర్సును పిలిచి పేషెంటు పేరు మళ్లీ అడిగాడు. మొగిలిని లోపలికి రమ్మన్నాడు.

"గడ్డ లేదు."

మొగిలి అక్కడే చేతులు జోడించి ఏడ్చేశాడు.

"అసలు కుట్లే లేవు," అన్నాడు డాక్టరు. గొంతు తగ్గించాడు. "సంచి మొత్తం ఉంది. స్కానింగ్‌లో నేనే చూసిన కుట్లు ఏమయ్యాయి?"

మొగిలి భార్య వైపు చూశాడు. ఆపరేషన్ మచ్చలు పొట్ట మీద అలాగే ఉన్నాయి. పద్మలత వాటిని చేత్తో నిమురుతూ ఉంది.

ఇంటికొచ్చి ఆమె కంచం నిండా అన్నం పెట్టుకుంది. రెండోసారి పెట్టుకుంది. మొగిలి మురిసిపోయి, "తిను పద్మా, ఫికర్ లేదిగ," అంటూ కూర వడ్డించాడు. ఆమె గిన్నె మొత్తం దగ్గరికి లాక్కుంది. లోపలికి ఈల, బయటికి గురగుర.

సమ్మమ్మ చీపురు పట్టుకుని మగ్గాల గది గుమ్మంలో నిలబడిపోయింది. తక్కెడలో ఒక పలక కొద్దిగా కిందికి ఉంది. దాని మీద ఏమీ లేదు. చెయ్యి చాపి చెక్కను తాకింది. అరచెయ్యంత మేర వెచ్చగా ఉంది.

మర్నాడు పొద్దున చూస్తే, ఆ పలక ఇంకొంచెం దిగింది.