రిటైరైన ప్యానెల్

సురేందర్ ఆ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. గోడవారన ఉన్న ప్యానెల్ హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. అప్పుడే మెడ వెనక చీమ కుట్టినట్టయింది. రుద్దుకున్నాడు. వెనక్కి తిరుగుదామనుకున్నాడు గానీ మోకాళ్ళు మాట వినలేదు. అతనికి చివరిగా తెలిసింది ముక్కుకు తగిలిన నేల మీది దుమ్ము.

మధ్యాహ్నం అతని శవం బయట యార్డులో, ఎండలో దొరికింది. పక్కనే హెల్మెట్ పడి ఉంది. ఎండదెబ్బ అని రాశారు. ఆగస్టు నెలలో, ఖతార్‌లో, ఆ మాటను ఎవరూ అనుమానించరు.

మర్నాడు పొద్దున దోహాలోని అల్ హిలాల్‌లో మూడో అంతస్తు ఫ్లాటు తలుపు తట్టాడు భరణి. భానుమతి సగం తలుపు తీసి అడిగింది.

"గోంగూర తెచ్చారా?"

"తెచ్చాను. ఇంకా ఉప్పు పట్టలేదండీ."

కోడ్ సరిపోయింది. ఆవిడ పూర్తిగా తలుపు తీసింది. లోపల ఆవిడ భర్త రామకృష్ణారావు ఉప్మా తింటున్నాడు. ఇరుగుపొరుగు దృష్టిలో ఆయన ఆడిటింగ్ కంపెనీ ఉద్యోగి. నిజానికి మూడు దేశాల వాళ్ళు కలిసి గుట్టుగా నడిపే ఒక నిఘా విభాగానికి దోహా చీఫ్. భరణి ఆయన ఏజెంట్. సురేందర్ కూడా.

"సురేందర్‌ది ఎండదెబ్బ కాదు. మెడ మీద సూది గుర్తు ఉంది," అన్నాడు రామకృష్ణారావు.

"ఊఁ."

సురేందర్, భరణి తొమ్మిదేళ్ళు కలిసి పనిచేశారు. ఒకే గదిలో ఉన్నారు. ఒకే పళ్ళెంలో తిన్నారు. ఏదో ఒకటి అనిపించాలి. భరణి కాసేపు ఎదురుచూశాడు. ఏమీ అనిపించలేదు. భానుమతి తన ముందు పెట్టిన ఉప్మా వేడిగా ఉందని మాత్రం తెలిసింది.

"టార్గెట్, వక్రా దాటాక సముద్రం ఒడ్డున ఉన్న డీసాలినేషన్ ప్లాంట్," రామకృష్ణారావు టాబ్లెట్‌ను అతని ముందుకు తోశాడు. "ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసి ఊరికి పంపేది అదే. ఖైమా అనే ముఠా దాని కంట్రోల్ నెట్‌వర్క్‌లోకి దూరింది. వాళ్ళ ప్లాన్ సింపుల్. ఊరికి పోయే నీళ్ళలో క్లోరిన్ విపరీతంగా కలుపుతారు. స్క్రీన్ల మీద మాత్రం అంతా నార్మల్‌గా కనిపిస్తుంది. జనం నోట్లో పోసుకునేదాకా ఎవరికీ తెలియదు."

"ఎప్పుడు?"

"శుక్రవారం, జుమ్మా నమాజు వేళ. అప్పుడు షిఫ్టులో మనుషులు తక్కువ."

"ఎలా దూరారు?"

"అదే తెలీదు. ఆ ప్లాంట్ పాతికేళ్ళుగా పెరుగుతూ వచ్చింది. ఎక్కడ ఏ కంట్రోలర్ ఉందో, ఏ మోడెమ్ ఎవరు పెట్టి మర్చిపోయారో వాళ్ళకే తెలీదు. ఇంట్లో ఎన్ని తలుపులున్నాయో తెలియనివాడు ఎన్నింటికి గడియ పెడతాడు? అందుకే సురేందర్‌ని ఇన్వెంటరీ ఇంజనీర్‌గా పంపాం. ప్రతి పరికరాన్నీ లెక్క రాయడం వాడి పని. ఇప్పుడు ఆ పని నీది." ఒక బ్యాడ్జీ ఇచ్చాడు. దాని మీద భరణి ఫొటో, సాత్విక్ అనే పేరు. దాంతోపాటు నల్లటి పెన్ను ఒకటి. "ఫోన్లు కాకుండా దగ్గర్లో సిమ్ కార్డు ఉన్న పరికరం ఏదైనా సిగ్నల్ అందుకుంటే ఇది వణుకుతుంది. లోపల మనకో మనిషి ఉంది. మరీహా. ఖైమాలో ఉంటూ మనకు పనిచేస్తోంది."

"నమ్మొచ్చా?"

"ఇంతవరకూ ఆవిడ చెప్పింది ఏదీ తప్పు కాలేదు."

భరణి ఉప్మా తినేసి, భానుమతికి దణ్ణం పెట్టి బయటపడ్డాడు.

సురేందర్ భార్య సుహాసిని అల్ వక్రాలో ఉంటుంది. జగిత్యాల మనిషి. భరణి వెళ్ళేసరికి సూట్‌కేసు సర్దుతోంది. ఆ సాయంత్రం విమానంలో శవంతో పాటు వెళ్ళిపోతోంది.

"ఊరోళ్ళు పొద్దుగాల్నించి ఒకటే ఫోన్లు. దుబాయ్‌ల ఏమైంది, దుబాయ్‌ల ఏమైంది అని," అంది. "ఇది దుబాయ్ కాదని చెప్పే ఓపిక కూడ లేదన్నా."

భరణి కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వు ఏడుస్తలేవు," అంది ఆమె అతని ముఖంలోకి చూసి.

"రావట్లేదమ్మా."

"నాకు గూడ వస్తలేదు. రాయి లెక్క అయిపోయిన." ఒక చొక్కా మడతపెట్టబోయి ఆగింది. మోచేతుల దాకా బూడిదరంగు మరక. "ఆఖరి వారమంతా దీని మీదనే కొట్లాట. ఏసీ రూముల కూసుండే డ్యూటీ అంటవు, చొక్కాకు ఇంత దుమ్మేంది అని అడిగిన. నవ్విండు. ఎంత ఉతికినా పోలే."

భరణి ఆ చొక్కా అందుకుని చూశాడు. సన్నటి పొడి దుమ్ము, దారాల్లోకి దిగిపోయింది. మడతపెట్టి తనే సూట్‌కేసులో పెట్టాడు.

ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి పేరు జియావుద్దీన్. హైదరాబాద్ మనిషి, యాభై దాటినవాడు. గోడ నిండా స్క్రీన్లు. ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పరికరం పక్కనా పచ్చ చుక్క వెలుగుతోంది.

"చూడుండ్రి సాత్విక్ సాబ్, అంతా గ్రీనే," అన్నాడు జియావుద్దీన్ చాయ్ గ్లాసు అందిస్తూ. "సురేందర్ భాయ్‌కి గిట్లనే చూపించిన. నమ్మలే. పొద్దుగాల పోతే మళ్ళ లంచ్‌కే కనిపిస్తుండె. మంచోడు, పాపం."

"ఎక్కడికి వెళ్ళేవాడు?"

"ఏమో మరి. అడిగితే, అన్నీ ముట్టుకుని చూడాలె జియాభాయ్ అనేటోడు."

మరీహా ఆ రోజే వచ్చింది. ప్లాంట్‌కు సాఫ్ట్‌వేర్ పెట్టిన నార్త్‌వెల్ అనే కంపెనీకి కన్సల్టెంటు హోదాలో తిరుగుతుంది. ఒళ్ళంతా కప్పే పట్టు అబాయా, సన్నటి వజ్రాల చెవిపోగులు. ఆమె నడుస్తుంటే ఆపరేటర్లు స్క్రీన్లు మర్చిపోయారు. ఆమెది ఏ దేశమో అడిగితే, ఆ రోజు చేతిలో ఉన్న పాస్‌పోర్టును బట్టి జవాబు ఉంటుందని రామకృష్ణారావు ముందే చెప్పాడు.

కారిడార్‌లో భరణి పక్కన ఆగి, ఇంగ్లీషులో మెల్లగా అంది. "సముద్రపు నీళ్ళు తోడే పంప్ హౌస్. మూడో పంపు వెనక. రికార్డులో లేని పరికరం ఒకటి ఉంది. సురేందర్ దాని కోసమే చచ్చిపోయాడు."

భరణి వెళ్ళాడు. మూడో పంపు దగ్గరకు చేరగానే జేబులో పెన్ను వణికింది. పైపు వెనక టేపుతో అంటించిన చిన్న పెట్టె, దానికో యాంటెన్నా. ఊడదీసి తెచ్చాడు. ఫోన్‌లో రామకృష్ణారావు గొంతు సంబరంగా వినిపించింది.

"శభాష్! గోంగూర ఊరింది. ఇక పడుకో."

భరణికి సంబరం కూడా రాలేదు. సంబరపడి ఉంటే ఆ పూటకు ఆలోచించడం మానేసేవాడేమో. మంచం మీద కూర్చుని తన చేతులు చూసుకున్నాడు. పంప్ హౌస్‌లో అంతా తడి, ఉప్పు. చొక్కా చేతుల మీద తెల్లటి ఉప్పు చారలు పడ్డాయి. దుమ్ము లేదు. ఒక్క మరక కూడా లేదు.

సురేందర్ పంప్ హౌస్‌కు వెళ్ళనే లేదు.

మర్నాడు, శుక్రవారం జుమ్మాకు ముందు భరణి కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఇన్వెంటరీని మళ్ళీ తెరిచాడు. పచ్చ చుక్కలన్నీ బతికున్న పరికరాలవి. పైన మూలలో చిన్న ఫిల్టర్ ఉంది. రిటైరైన పరికరాలను చూపించవద్దు అని దాని అర్థం. అతను దాన్ని తీసేశాడు.

కొత్త వరసలు కొన్ని బూడిదరంగులో తేలాయి. అన్నీ ఏనాడో తీసేసిన సామాను. ఒక్కటి మాత్రం కిందటి నెలలోనే రిటైరైంది. పాత డోసింగ్ ప్యానెల్. నీళ్ళలో క్లోరిన్ ఎంత కలపాలో చెప్పే కంట్రోలర్ అందులోనే ఉండేది. రిటైర్ చేసింది నార్త్‌వెల్ కంపెనీ లాగిన్. ఒకసారి రిటైర్ అని నమోదైతే, అది ఎంత మాట్లాడినా సాఫ్ట్‌వేర్ చెవిన వేసుకోదు.

"జియాభాయ్, ఈ పాత ప్యానెల్ ఎక్కడుంది?"

"కొత్త డోసింగ్ హాల్ వెనక గది. అది తీసేసిన్రు కద సాబ్?"

"తీసేయడం మీరు చూశారా?"

జియావుద్దీన్ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "రికార్డుల ఉంది," అన్నాడు మెల్లగా.

భరణి వాకీటాకీ నడుముకు తగిలించుకుని, టాబ్లెట్ తీసుకుని బయల్దేరాడు. యార్డులో ఎవరూ లేరు. దూరంగా మసీదు మైకు వినిపిస్తోంది.

ఆ గదిలో నేల మీద, కిటికీ అంచున, ప్రతిదాని మీదా దుమ్ము. గోడవారన పాత ప్యానెల్ అలాగే నిలబడి ఉంది. దాని తలుపుకు గాలి పోయే జాలీ. మిగతాచోట్ల దుమ్ము వదులుగా పరుచుకుని ఉంటే, జాలీ మీద మాత్రం దుప్పటిలా గట్టిగా అతుక్కుపోయింది. లోపల ఫ్యాన్ తిరుగుతూ పీల్చుకుంటే తప్ప అలా పట్టదు.

తలుపు తెరిచాడు. పాత కంట్రోలర్ పక్కన కొత్త మోడెమ్. వైర్లు గోడ దాటి కొత్త డోసింగ్ పంపుల వైపు వెళ్తున్నాయి. అదే క్షణంలో జేబులో పెన్ను వణికింది. భరణి మోడెమ్ వైరు పట్టి లాగేశాడు.

"ఆలస్యం చేశావు," అంది వెనక నుంచి మరీహా. "ఆర్డర్ వెళ్ళిపోయింది. పంపులు ఇప్పుడు ఫుల్ స్పీడ్‌లో ఉన్నాయి."

ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. దాని కొనకు సూది.

"పంప్ హౌస్‌లో పెట్టె నువ్వే పెట్టావు."

"మీకు ఏదో ఒకటి దొరకాలి కదా. దొరికితే వెతకడం మానేస్తారు. అందరూ మానేస్తారు." ఆమె గొంతులో కోపం లేదు, గర్వం కూడా లేదు. "సురేందర్ మంచివాడు. ఎక్కువసేపు బాధపడలేదు."

ఆ మాటకైనా లోపల ఏదో కదులుతుందనుకున్నాడు భరణి. కదల్లేదు. ఆమె చెయ్యి కదలడం మాత్రం స్పష్టంగా చూశాడు. టాబ్లెట్ అడ్డం పెట్టాడు. సూది దాని రబ్బరు కవర్లో దిగబడింది. ఆమె లాక్కునేలోపు మణికట్టు పట్టి మెలితిప్పి, ఆమెను ప్యానెల్ వైపు తోసి, బయటికి దూకి గది తలుపుకు గడియ పెట్టాడు.

"జియాభాయ్!" పరుగెడుతూనే వాకీటాకీలో అన్నాడు. "ఊరికి నీళ్ళు ఆపేయండి. వెంటనే. నీళ్ళలో విషం లెక్కన క్లోరిన్ కలుస్తోంది."

"స్క్రీన్ మీద క్లోరిన్ నార్మల్ ఉంది సాబ్! ఆగస్టుల ఊరికి నీళ్ళు బంద్ పెడితే నన్ను బతకనిస్తరా?"

"స్క్రీన్ అబద్ధం చెబుతోంది. జియాభాయ్, నా పేరు సాత్విక్ కాదు. సురేందర్ ఎండదెబ్బకు చావలేదు. ఈ నీళ్ళ కోసం వాణ్ణి చంపారు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు మారింది.

"బటన్ నొక్కిన. వాల్వ్ క్లోజ్ అని చూపిస్తుంది."

"నమ్మకండి. చేత్తో మూయాలి. వచ్చేయండి!"

ఊరి వైపు పోయే పెద్ద పైపు దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. స్క్రీన్ మీద మూసుకుపోయిన వాల్వ్ ఇక్కడ బార్లా తెరిచి ఉంది. పైపు లోపల నీళ్ళు హోరుమంటున్నాయి. వెనక ట్యాంకు మూత సందుల్లోంచి కళ్ళు మండించే క్లోరిన్ ఘాటు వస్తోంది.

"యా అల్లా," అన్నాడు జియావుద్దీన్. బండి చక్రమంత హ్యాండ్‌వీల్‌ను ఒకవైపు అతను, ఒకవైపు భరణి పట్టుకున్నారు. ఎండలో కాలిన ఇనుము. మొదట కదల్లేదు. తర్వాత కీచుమంది. ఆ తర్వాత అంగుళం అంగుళం తిరిగింది. ఘాటు ముదిరి ఊపిరాడటం లేదు. జియావుద్దీన్ దగ్గుతూ, కళ్ళ నీళ్ళు కారుస్తూ తిప్పుతూనే ఉన్నాడు. చివరి చుట్టుకు పైపులో హోరు సన్నగిల్లి ఆగిపోయింది.

వాల్వ్ పక్కన శాంపిల్ తీసే కుళాయిలు రెండు ఉన్నాయి. ఊరి వైపు ఉన్నదాన్ని జియావుద్దీన్ తిప్పి, దోసిట్లో పట్టి వాసన చూశాడు.

"సాఫ్ ఉన్నయ్," అన్నాడు.

ట్యాంకు వైపు కుళాయి తిప్పగానే ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు.

జియావుద్దీన్ నేల మీద కూలబడ్డాడు. "సురేందర్ భాయ్‌ని నిజంగ చంపిన్రా?"

"ఊఁ."

అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. భరణి పక్కనే కూర్చున్నాడు. బొబ్బలెక్కిన తన అరచేతుల్ని చూసుకున్నాడు. మంట ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

సాయంత్రానికి మరీహాను నంబరు ప్లేటు లేని కారు ఒకటి తీసుకుపోయింది. ట్యాంకులోని నీళ్ళను పక్క కొలనులోకి మళ్ళించారు. వేరే ప్లాంటు నుంచి ఊరికి నీళ్ళు అందాయి. అల్ రయ్యాన్‌లో గానీ వక్రాలో గానీ ఎవరి కుళాయీ ఆగలేదు. ఏ వార్తా రాలేదు. భరణి మూడు వారాలు అక్కడే ఉండి ప్లాంటంతా తిరిగాడు. ప్రతి ప్యానెల్ తలుపూ తెరిచి, లోపల ఉన్నదాన్ని చేత్తో ముట్టుకుని నమోదు చేశాడు. జియావుద్దీన్ వెంట తిరిగాడు.

చివరి రోజున జియావుద్దీన్ ఫోన్ తెచ్చి చూపించాడు. హెడ్ ఆఫీస్ నుంచి మెసేజ్. శుక్రవారం మధ్యాహ్నం అనుమతి లేకుండా నీటి సరఫరా ఆపినందుకు కారణం తెలపాలి. కింద మూడు గడులు. యంత్ర లోపం. ఆపరేటర్ పొరపాటు. ఇతరములు.

"ఏం పెట్టాలె సాబ్?"

భరణి ఆ గడులు చదివాడు. పెదవుల దగ్గర ఏదో కదిలింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు కాబోలు, సగంలోనే ఆగిపోయింది.

"ఇతరములు పెట్టండి జియాభాయ్. మన ఉద్యోగాలు నడిచేది ఆ గడిలోనే."