రెండో ఉదయం

"కళ్లు మూసుకో పైడితల్లీ. నొప్పేమీ ఉండదు," అంటూ డాక్టర్ మృణాళిని కుర్చీలో కూర్చున్న ఆమె తల మీద బుట్టలాంటి టోపీ సర్దింది.

పైడితల్లి కళ్లు మూసుకుంది గానీ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆ పొద్దున కుళాయి దగ్గర తోటికోడలు ఆమె బిందె తన్నేసి, నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ గొడవలో పొయ్యి మీది అన్నం మాడింది. పిల్లాడు ఖాళీ కడుపుతో బడికి పోయాడు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి బట్టల ఫ్యాక్టరీ బస్సు మలుపు తిరిగిపోయింది. ఇలా మొదలైన రోజున మిషను ముందు కూర్చుంటే సూది గుడ్డలోకి కాదు, వేలిలోకి దిగుతుంది. అందుకే ఆలస్యంగా ఫ్యాక్టరీకి చేరిన ఆమెను మృణాళిని అక్కడి ల్యాబులో తొలి ప్రయోగానికి పిలిచింది.

ఆ కుర్చీ చేసే పని చెప్పడానికి తేలికే. పొద్దున్నే ఏదైనా చెడు జరిగితే మెదడులో ఒక అలారం మోగుతుంది. ఆ చెడు ముగిసిపోయినా మోత మాత్రం ఆగదు. దినమంతా మోగుతూ మనిషిని తినేస్తుంది. కుర్చీ నుంచి వచ్చే సన్నని అయస్కాంత తరంగాలు ఆ మోతను సాయంత్రం దాకా ఆపేస్తాయి. జ్ఞాపకం చెరిగిపోదు. ముల్లు గుచ్చుకున్న సంగతి గుర్తుంటుంది, సలుపు ఉండదు.

మృణాళిని తండ్రి పొద్దున్నే ఎవరైనా ఓ మాట అంటే గది తలుపేసుకుని సాయంత్రం దాకా బయటికి రాని మనిషి. అలాంటి రోజుల కిందే ఆయన బతుకంతా నలిగిపోయింది. ఏ మనిషికైనా పాడైపోయిన ఉదయానికి బదులు ఇంకో ఉదయం ఇవ్వాలని ఆమె పన్నెండో తరగతిలోనే అనుకుంది.

టోపీ తీయగానే పైడితల్లి చెంపలు తడుముకుంది. "ఏడుపు ఎటు పోనాది డాక్టరమ్మా?"

"తోటికోడలు తిట్టింది గుర్తుందా?"

"గుర్తునేకేటి! పోన్లెద్దురూ, దానికీ ఇంట్లో ఎన్ని బాధలున్నాయో."

ఆ రోజు ఆమె కుట్టు లైనులో అందరికన్నా ఎక్కువ చొక్కాలు కుట్టింది. సాయంత్రం ఇంటికి పోతూ తోటికోడలికి కూడా చేపలు కొనుక్కుపోయిందని తెలిసి, మృణాళిని ల్యాబులో ఒక్కతే కూర్చుని ఆనందంతో ఏడ్చింది.

కుర్చీని ఫ్యాక్టరీలో శాశ్వతంగా పెట్టారు. కొన్నాళ్లకి కంప్యూటరులో మృణాళినికి ఒక వింత కనపడింది. చెడ్డ ఉదయంతో వచ్చి కుర్చీలో కూర్చున్నవాళ్లు, హాయిగా నవ్వుతూ వచ్చినవాళ్లకన్నా ఎక్కువ పని చేస్తున్నారు. కారణం తెలిశాక అబ్బురపడింది. ప్రమాదం వచ్చిందనుకుని శరీరం బలమంతా కూడగడుతుంది. కుర్చీ భయాన్ని తీసేస్తుంది గానీ బలాన్ని తీయదు. ఆ బలమంతా చేతుల్లోకి దిగుతుంది.

మేనేజర్ చక్రపాణికి ఈ సంగతి ఆమే ఉత్సాహంగా చెప్పింది.

"అంటే డాక్టర్ గారూ, మనవాళ్లు ఇంటి దగ్గర సుఖంగా లేచి రావడం మనకి నష్టమన్నమాట," అన్నాడాయన.

మీటింగులో అందరూ నవ్వారు. మృణాళిని కూడా నవ్వింది. తర్వాత అలాంటి కుర్చీలనే ఇంకో రాష్ట్రంలోని ఫ్యాక్టరీలలో బిగించడానికి వెళ్లి, వర్షాకాలం దాటాక గానీ తిరిగి రాలేదు.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే కుర్చీ గది ముందు పెద్ద వరస కనపడింది. అంతమందికి ఒకేసారి చెడ్డ ఉదయం ఎలా వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. వరసలో పైడితల్లి ఉంది. చిక్కిపోయింది. ముఖంలో ఏ భావమూ లేదు.

"ఏమైంది పైడితల్లీ? మళ్లీ ఇంట్లో గొడవా?"

"ఇంట్లో ఏటీ నేదమ్మా. ఇక్కడే." నెమ్మదిగా చెప్పింది. "గేటు కాడే సూపర్‌వైజర్లు మొదలెడతారు. ఒకరోజు కేరేజీలు ఇప్పించి, ఇదేటి కూడు అని యెక్కిరిస్తారు. ఒకరోజు ముసలోళ్లని నిలబెట్టి తిడతారు. మొన్న నాతోటి, 'నీ గుంటడు బడిలో పడిపోనాడట' అన్నారు. గుండె జారిపోనాది. తీరా చూస్తే, 'పేరు పొరపాటైంది, పోయి కుర్చీలో కూకో' అన్నారు."

మృణాళిని చెవుల్లో మీటింగులోని ఆ నవ్వు వినపడింది.

"ఇంకోపాలీ అలాగే అన్నారు. అబద్ధమే అనుకుని కుర్చీలో కూకుని పనిలోకెళ్లిపోనాను. మద్దేనం బడి మేస్టారు గేటు కాడికొచ్చి, నిజంగానే నా కొడుక్కి గోడ మీంచి పడి కాలిరిగింది, ఆసుపత్రిలో 'అమ్మా' అని ఏడుత్తన్నాడు అని సెప్పినారు." పైడితల్లి తన చేతుల వంక చూసుకుంది. "ఇనపడింది. అర్థమైంది. లేవబుద్ధి కానేదు. పని దిగేదాకా కాలర్లు కుడతానే ఉన్నాను."

మృణాళిని నేరుగా చక్రపాణి దగ్గరికి వెళ్లి అరిచింది. ఆయన ఆమెకు మంచినీళ్లు ఇప్పించాడు. "క్రమశిక్షణ కాస్త పెంచాం, అంతే. బాధ మిగలనప్పుడు అది హింస ఎలా అవుతుంది డాక్టర్ గారూ? సలుపు ఉండదని మీరే కదా అన్నారు."

ఆమె కుర్చీ గదిలోకి వచ్చి, వెనక మూత విప్పి, తీగలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది.

"ఏటి సేత్తన్నారమ్మా?" పైడితల్లి గబగబా వచ్చి ఆమె చేయి పట్టుకుంది. వెనక వరసంతా గుమ్మంలోకి తోసుకొచ్చింది.

"ఇది ఉండకూడదు. దీనివల్లే మిమ్మల్ని ఏడిపిస్తున్నారు."

"ఇది తీసేత్తే తిట్టడం మానేత్తారా?"

కలెక్టరు దగ్గరికి వెళ్తానని, పేపర్లకు చెప్తానని మృణాళిని అంది. ఏదో ఒకరోజు మాన్పిస్తానంది.

"మరి అందాకా?" అంది పైడితల్లి. "రేపు పొద్దున గేటు కాడ తిట్లు తిని, ఆ మంట కడుపులో ఎట్టుకుని మేం మిషను మీద ఎలా కూకుంటాం? అంత పని ఎలా దింపుతాం? తిట్టినోళ్లని తియ్యలేరు గానీ కుర్చీని తీసేత్తారా?"

గుమ్మంలో ఒక ముసలామె చేతులు జోడించింది. "బేగీ సెయ్యండమ్మా, గంట కొట్టేత్తారు."

మృణాళిని పీకిన తీగలు ఒక్కొక్కటే మళ్లీ తగిలించడం మొదలుపెట్టింది. ఎర్రతీగ రెండుసార్లు జారింది.

పైడితల్లి కుర్చీలో కూర్చుని టోపీ తనే పెట్టుకుంది.

"డాక్టరమ్మా, ఒక్క మాట. సాయంత్రం ఇంటికి పోయే ముందు కూడా ఓపాలి కూకోనిత్తారా?"

"సాయంత్రం ఎందుకు?"

"గుంటడు నాతోటి మాటాడ్డం నేదు. మంచం మీంచి ఊరికే నా వైపే చూత్తంటాడు." ఆమె కళ్లు మూసుకుంది. "ఈ కుర్చీ సత్తువ అక్కడిదాకా రాదమ్మా. ఇంటికెళ్లేతలికి అయిపోద్ది."

మృణాళిని స్విచ్ వేసింది.