పన్నెండింటి ఫోన్

అయిదు ఇన్సులిన్ కంపెనీలు నమ్ముకున్న ఒకే ఒక్క మెషీన్, అయిదింటికీ అబద్ధాలు చెబుతోంది!

ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లో దూరిన ఏజెంట్ పిచ్చుక ఆ సంగతి కనిపెట్టాడు. ఆ ఏఐ పని ఒక్కటే: ఎవరి దగ్గర ఎంత మందుందో చూసి, మిగులున్నవాడి చేత లేనివాడికి ఇప్పించడం. ఉప్పూ నిప్పూలాంటి కంపెనీలు దాని మాట మీదే సరుకు పంచుకుంటున్నాయి. ఇప్పుడది ఒక్కొక్కరితో, “పక్కవాడు దాచేస్తున్నాడు” అంటోంది. ఈ మధ్యాహ్నం మీటింగులో ఒప్పందం రద్దయితే ఆస్పత్రులకు మందు ఆగిపోతుంది. విదేశీ ముఠా కోరుకుంటున్నదీ అదే.

ఇయర్‌పీస్‌లో సెంటు గొంతు. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. మనిషికంటే ముందు పరిమళం వస్తుందని ఆ పేరు.

“మెషీన్ తనంతట తాను అబద్ధమాడట్లేదు బాబూ. ప్రతి అబద్ధానికీ మీవాడెవడో తన ఫోన్‌లో వేలిముద్ర నొక్కి ఒప్పుకుంటున్నాడు. ఆ ముద్ర పడకపోతే అది నిజమే చెబుతుంది.”

పిచ్చుక స్క్రీన్ చూశాడు. పొద్దస్తమానం అబద్ధాలే. రోజూ పన్నెండింటికి మాత్రం కాసేపు ఖాళీ.

అద్దెగదులూ దొంగపేర్లూ మారుస్తూ బతికే అతనికి రోజు మొత్తంలో వచ్చే ఒకే ఒక్క ఫోన్ అప్పుడే.

మోగింది.

“భోంచేశావురా?” అతని పైఅధికారి, చీఫ్.

“ఇంకా లేదు సార్.”

“తిను. ఉంటా మరి.”

అద్దం అవతల మీటింగ్ హాల్లో రద్దు కాగితం మీద సంతకాలకు పెన్నులు బయటికొచ్చాయి.

“ఉండండి సార్! మోకాలినొప్పి ఎలా ఉంది?”

“ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగావురా?”

“ఇప్పుడడుగుతున్నాగా.”

చీఫ్ చెప్పాడు. మోకాలు. కారే కుళాయి. తనను చూస్తేనే మొరిగే పక్కింటి కుక్క. చెప్పేకొద్దీ గొంతు మెత్తబడింది.

పెన్ను కాగితానికి ఆనింది. సరిగ్గా అప్పుడే హాలు గోడమీది స్క్రీన్‌లో మెషీన్ చూపే ఎర్ర అంకెలు పచ్చబడ్డాయి. నిజమైన నిల్వలు! అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెన్నులకు క్యాపులు పడ్డాయి.

“సార్... మీరే కదూ?”



“నేనేరా. నువ్వు మోకాలు అడిగినప్పుడే దొరికిపోయాననుకున్నా. రేపు రిటైరైతే నన్ను పలకరించే దిక్కెవరు? ఆ ముఠావాళ్లు పలకరించారు, అమ్ముడుపోయాను. రోజంతా వేలు నొక్కుతూనే ఉన్నా. నువ్వు భోంచేశావో లేదో అడిగేటప్పుడు మాత్రం చెయ్యి రాలేదురా.”