అబద్ధం ఎరుగని పట్టీ

డాక్టరు అడిగితే "బాగానే ఉందండి" అని తల ఊపి వచ్చేస్తారే, మీకే చెబుతున్నాను. తల తిరిగినా దాస్తారు, వాంతులైనా దాస్తారు. దాన్ని మర్యాద అనుకుంటున్నారు. సన్యాసిరావు సంగతి వినండి.

రాబోయే కాలపు విశాఖపట్నంలో అతను స్కూలు బస్సు డ్రైవరు. భార్య నూకరత్నానికి నాలుగేళ్లుగా డిప్రెషన్. ఐదు రకాల మందులు వాడినా లొంగలేదు. అలాంటివాళ్ల కోసం డాక్టర్ ఇందుమతి క్లినిక్‌కు ముక్కులో కొట్టే కొత్త స్ప్రే వచ్చింది. మూడు డోసులకే నూకరత్నం తన జడ తానే వేసుకుంది. అయితే మందు పడ్డాక రెండు గంటలు బీపీ పెరుగుతుంది, ఒళ్లు గాలిలో తేలినట్టుంటుంది. అందుకని ఇందుమతి ఒక పట్టీ కనిపెట్టింది. మణికట్టుకు కడితే అది నాడినీ, రక్తపోటునూ, మత్తునూ చదువుతుంది. అన్నీ సర్దుకున్నాకే పచ్చదీపం వెలిగి గది తలుపు తెరుచుకుంటుంది. ప్రమాదమైతే ఎర్రదీపం వెలిగి గంట మోగుతుంది. రోగి నోటిమాటతో దానికి పనిలేదు. ఎంత మంచి బుద్ధి ఆవిడది!

ఆ బుధవారం నాలుగో డోసు పదిన్నరకు ఇచ్చారు. పన్నెండుకు రాహుకాలం.

"ఈలోపే గడప దాటాల. ఆ పట్టీ ఇలా తే," అన్నాడు సన్యాసిరావు.

"నేల ఊగతంది మావా. డాక్టరమ్మ కూకోమంది."

"రాహుకాలంలో బయల్దేరితే తగ్గిన రోగం తిరగబెడతాది. నాకేటి జబ్బు? నా చేతికుంటే చిటికెలో పచ్చదీపం వస్తాది."

పట్టీ విప్పి తను కట్టుకున్నాడు. ఎర్రదీపం వెలిగింది. గంట మోగింది. లేచి నిలబడ్డ నూకరత్నం తూలింది. గంట విని పరుగున వచ్చిన నర్సు పట్టుకోకపోతే ఆమె తల గోడకు తగిలేది.

వెనకే వచ్చిన ఇందుమతి పట్టీ ఎవరి చేతికుందో చూసింది.

"రెండువందల పది. ఈ బీపీ మీదేనా?"

"మిషను చెడిందమ్మా. నేను బాగానే ఉన్నాను."

మామూలు మిషనుతో మళ్లీ చూసింది. అదే అంకె.

"తల తిరుగుతుంటుందా?"

"లేదండి."

"మూడేళ్ల నుంచి తిరుగుతందమ్మా," అంది నూకరత్నం. "డ్రైవరు పని పోతాదని దాచాడు."

సన్యాసిరావు తెల్లబోయాడు. నాలుగేళ్లలో ఆమె అతని మాటకు ఎదురు చెప్పలేదు. "ఇది మందు సైడ్ ఎఫెక్టా అమ్మా?"

"కాదు. మందు పనిచేస్తోంది," అంది ఇందుమతి.

పట్టీ తిరిగి నూకరత్నానికి కట్టి, అతనికి ఇంకోటి కట్టారు. పన్నెండున్నరకు ఆమెకు పచ్చదీపం వచ్చింది. అతనికి సాయంత్రం దాకా రాలేదు. రాహుకాలమంతా ఆ గదిలోనే గడిపాడు.

అరవైమంది పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన మనిషి. మర్నాడు బస్సు తాళాలు తన చేత్తోనే స్కూల్లో అప్పగించాడు. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఇప్పుడు బుధవారాలు సిటీ బస్సులో భార్య పక్కన కూర్చుని క్లినిక్‌కు వస్తాడు. "ఎలా ఉంది?" అని నర్సు అతన్ని అడిగితే, జవాబు నూకరత్నం చెబుతుంది.