పలుకుబడికి కొలబద్ద

"కాలు జారలేదు. తోశారు," అన్నాడు చీఫ్, ఫొటోను బల్ల మీదికి నెడుతూ.

మెట్ల కింద ఒక నడివయసు మనిషి పడి ఉన్నాడు. ఎన్ని చావులు చూసినా ఏజెంట్ నలభై రెండుకి అలవాటు కాలేదు. ఆ ఉద్యోగంలో అతనికున్న పెద్ద లోపం అదే.

"ప్రైవేటు కంపెనీలకి ఏ దేశ రాజకీయాల్లో ఎంత పలుకుబడి ఉందో కొలిచే సంస్థలో మార్కులు వేసే మనిషి ఈయన. ఏ చట్టంలో ఎన్ని వాక్యాలు కంపెనీ రాసిచ్చినవి, ఎందరు మాజీ మంత్రులు దాని జీతగాళ్ళు, అన్నీ చూసి మార్కు. ముప్పై దేశాలు, ఆరేళ్ళ పని. ఇవాళ పదకొండింటికి పట్టిక దానంతటదే విడుదలవుతుంది. మొదటి స్థానం నీళ్ళ కంపెనీది. అది బయటికొస్తే, ఎనిమిది దేశాల్లో నదుల్ని వాళ్ళకి రాసిచ్చే బిల్లులు మూలన పడతాయి. అందుకే కంపెనీవాళ్ళు, మార్కులు మార్చనన్న ఈయన్ని చంపి, పట్టికనే మార్చేయబోతున్నారు."

"సంస్థకి పెద్ద ఎవరు సార్?"

"మీ వదిన."

నలభై రెండు కుర్చీలోంచి లేచాడు. ఇంట్లోవాళ్ళకి అతను మందుల కంపెనీ సేల్స్‌మన్.

"అక్కడి మీడియా ఆఫీసర్ మన మనిషే. 'కిటికీ మూసేయనా?' అంటుంది. 'గాలి రానీ' అను. ఆమె చెప్పినట్టు చెయ్యి."

పదిన్నరకు అతను నీలం యూనిఫాం, అంటించిన మీసం, భుజాన గ్యాస్ సిలిండర్‌తో ఏసీ మెకానిక్‌గా ఆ భవనంలో అడుగుపెట్టాడు. వరండాలో ఆకుపచ్చ గౌను వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వు చూశాక అతని బుర్ర కాసేపు పనిచేయలేదని ఒప్పుకోక తప్పదు.

"కిటికీ మూసేయనా?"

"గాలి రానీ."

ఆమె పెన్ డ్రైవ్ అతని అరచేతిలో పెట్టింది. "సర్వర్‌లో ఉన్నది దొంగ పట్టిక. నిన్ననే మార్చేశారు. అసలుది ఇది. త్వరగా ఎక్కించు."

సర్వర్ గది తాళం స్క్రూడ్రైవర్‌లో దాచిన ఎలక్ట్రానిక్ కీతో తెరిచాడు. పది యాభై ఆరుకి ఫైలు ఎక్కడం మొదలైంది. అంతలో తలుపు తెరుచుకుంది. వదిన!

"ఎవరయ్యా? ఏసీ బాగానే..." ఆమె ఆగి, పరీక్షగా చూసింది. "మరిదీ! ఆ మీసమేంటయ్యా, అంత దరిద్రంగా ఉంది?"

"తర్వాత చెప్తా వదినా. దొంగ పట్టిక తీసేసి అసలుది ఎక్కిస్తున్నా."

ఆమె స్క్రీన్ మీదికి వంగింది. ఆ సంస్థలో ప్రతి దేశం ఫైలునీ ఇద్దరు, రెండు వేరు గదుల్లో కూర్చుని చదివి మార్కు వేస్తారు. ఒకరి మార్కు ఇంకొకరికి తెలియదు. రెండు మార్కులూ పక్కపక్కనే అచ్చవుతాయి.

"ఇదా అసలుది? ఒక్క దేశానికీ ఇద్దరి మార్కుల్లో తేడా లేదు! మావాళ్ళు అర మార్కుకి కూడా జుట్లు పట్టుకుంటారయ్యా. ముప్పై దేశాలకీ ఇంత సఖ్యత వాళ్ళ తరం కాదు. ఎవడో ఒక్కడే కూర్చుని రెండు వరుసలూ నింపాడు. ఆపు! సగంలో ఆగితే సర్వర్‌లో ఉన్న మా అసలు పట్టికే ఉంటుంది."

పది యాభై తొమ్మిది. తొంభై ఆరు శాతం.

"ఎవరూ కదలొద్దు." గుమ్మంలో ఆకుపచ్చ గౌను. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

నలభై రెండుకి తన మీద తనకే ఒళ్ళు మండింది. "మెట్ల మీద ఆయన్ని తోసేముందు కూడా ఇలాగే నవ్వావా?"

ఆమె పిస్తోలు అతని గుండెకి గురిపెట్టింది. వదిన మాత్రం ఒక అడుగు ముందుకేసింది.

"కాల్చుకో తల్లీ. పోయినాయన వేసిన మార్కుల్లో ఒక్కటి కూడా మార్చనివ్వను."

పిస్తోలు వదిన వైపు తిరిగింది. నలభై రెండు సిలిండర్ మీట నొక్కాడు. తెల్లటి పొగ ఆకుపచ్చ గౌను ముఖాన కొట్టింది. గుండు సీలింగ్‌లోకి పోయింది, ఆమె నేలకూలింది. తొంభై తొమ్మిది శాతం దగ్గర వదిన పెన్ డ్రైవ్‌ని పీకి పారేసింది.

పదకొండు. అసలు పట్టిక, ముప్పై దేశాల మార్కుల తగాదాలతో సహా, లోకం మీద పడింది.

కింద హాలంతా విలేఖరులు. వదిన మైకు ముందు నిలబడి మొదటి పేరు చదవగానే నీళ్ళ కంపెనీ లాయరు లేచాడు.

"ఇదంతా అభాండం! మా కంపెనీకి ఎక్కడా ఏ పలుకుబడీ లేదు. ఇప్పుడే మంత్రిగారికి ఫోన్ చేసి ఈ సంస్థని మూయిస్తాను!"

"ఏ దేశం మంత్రికండీ?" అంది వదిన.

"ఏ దేశమైతేనేం!"

హాల్లో కలాలన్నీ ఒక్కసారి కదిలాయి. వదిన అతనికి చేతులు జోడించింది.

"మాకు ఆరేళ్ళు పట్టింది. తమరు ఒక్క ముక్కలో తేల్చేశారు."